మూడు మందులు, లేని లెక్క

మన భాషలో 'మందు' అను మాట బహు విచిత్రమైనది. వైద్యుడు రోగికిచ్చునది మందు. వేరుశెనగ చేనిమీద జల్లునది మందు. సాయంకాలము కూలిడబ్బు చేతబడిన పిదప దుకాణమున గొని త్రాగునది మందు. తుపాకిలో దట్టించునదియు, నాటుబాంబులో గూరునదియు మందే. మొదటిది ప్రాణము నిలుపుటకై పుట్టినది. తక్కిన మూడును అనంతపురపు మెట్టసీమలో ప్రాణములను దీయుచున్నవి. నిఘంటుకారులకిది నానార్థములుగల పదముగా మాత్రమే తోచవచ్చును గాని, పెద్దాసుపత్రిలో రాత్రివేళ పనిచేయు వైద్యునకు ఈ మూడును ఒకే తలుపున లోనికి వచ్చు బాధలు. ఆ తలుపునొద్ద నిలిచి లెక్క వ్రాయువారెవరు అనునదియే నేటి మా ప్రశ్న.

ఈ సీమలో లెక్కలకు కొదువ లేదు. ఇచట సాలుసరి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లనియు, దేశమున రాజస్థానమందలి జైసల్మేరు తరువాత వాన తక్కువైన జిల్లాగా దీనిని జెప్పుదురనియు బడిపిల్లవాడును ఎరుగును. ఏ మండలమున ఏ దినమున ఎంత వాన కురిసినదో వర్షమాపకములు చెప్పుచునే యున్నవి. ఒకప్పుడు ఏడు లక్షల హెక్టారులకు మించి వేరుశెనగ విత్తిన జిల్లా యిది. ఏ యేట ఎంత విత్తిరి, ఎంత ఎండినది, పంటభీమా ఎంత రావలెను అను అంకెలపై ప్రతి సంవత్సరమును వాదములు జరుగుచునే యున్నవి. 2022 ఏప్రిలు 4వ తేదీన జిల్లా రెండుగా చీలి, పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు కార్యాలయములును, ఉద్యోగులును లెక్కప్రకారమే పంచబడిరి. వానచినుకునకు, వేరుశెనగ కాయకు, కార్యాలయపు కుర్చీకి లెక్క గల చోట మనుష్యుని గాయమునకు లెక్క యేది?

పుస్తకమొకటి కలదు. విషము త్రాగినవారిని గాని, బాంబు తగిలినవారిని గాని, త్రాగిన మైకమున కొట్లాడి తలలు పగులగొట్టుకొన్నవారిని గాని ఆసుపత్రికి దెచ్చినప్పుడు వైద్యుడు దానిని 'మెడికో-లీగల్ కేసు'గా వ్రాసి పోలీసుఠాణాకు కబురు పంపును. ఆ వ్రాత న్యాయస్థానమునకై ఏర్పడినది. గాయము పొడవెంత, లోతెంత, సామాన్యమా తీవ్రమా, తీసికొని వచ్చినవారెవరు అనునవి అందుండును. నేరము విచారించుటకు అవి చాలును. కాని ఆ విషము ఏ రకమైనది, ఇంటిలో ఎచ్చట నుంచబడెను, ఏ దుకాణమున అప్పుపై కొనబడెను, దెబ్బ తిన్నవాడును కొట్టినవాడును త్రాగియుండిరా, ఎచ్చట త్రాగిరి, ఆ దినము సంతయా, జాతరయా, కూలి పంచిన దినమా అను విషయములను విచారించుట ఆ పుస్తకము పని కాదు. వ్యాజ్యము తెగిన తరువాత అది దస్త్రముల గదికి బోవును. వేయి కాగితములు వేయి వ్యాజ్యములుగానే మిగిలిపోవును. వానిని ప్రక్కప్రక్కన బెట్టి, ఇది ఒక వ్యాధి, దీనికి కారణమున్నది, నివారణమున్నది అని చదువుట ఎవరికిని విధిగా ఏర్పడలేదు.

ప్రభుత్వము బలవన్మరణములను లెక్కించుట లేదా యని కొందరడుగవచ్చును. లెక్కించుచున్నది. జాతీయ నేర దస్త్రముల సంస్థ సంవత్సరమునకొక గ్రంథము ప్రకటించుచున్నది. అందు రాష్ట్రమునకు లెక్క గలదు, మహానగరమునకు లెక్క గలదు. ధర్మవరమునకు, కదిరికి, రాయదుర్గమునకు లేదు. అదియు పోలీసుల కాగితములనుండి కూర్చినదే. ఆ కాగితములకెక్కని మరణములెన్నో వైద్యశాస్త్రజ్ఞులు ఇంటింటికి బోయి అడిగినపుడు బయటపడినవి. 2010వ సంవత్సరమునకు ఆ సంస్థ లెక్క సుమారు 1 లక్ష 35 వేలు. ఇండ్లకు బోయి మరణకారణములను విచారించిన పరిశోధకులు 2012లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించిన అంచనా, 15 ఏండ్లు నిండినవారిలోనే, 1 లక్ష 87 వేలు. అందు సగము విషమువలన, ముఖ్యముగా పురుగుమందులవలన. దక్షిణ రాష్ట్రములలో ఈ దురవస్థ మిక్కుటమనియు వారు చూపిరి. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు తమ చెంతనున్న కణియంబాడి ప్రాంతమున 1994 మొదలు 1999 వరకు జరిగిన మరణములను ఒక్కొక్కటిగా విచారింపగా, లక్షమందికి 95 మందికి మించి బలవన్మరణము పాలైరని తేలినది. ఆ కాలమున అధికార లెక్కలలో దేశపు సగటు లక్షకు 10, 11 మాత్రమే. మన తెలుగునాటను గోదావరీమండలములలో 45 గ్రామముల మరణములను పరిశీలించి 2006లో ప్రకటించిన గ్రంథమున గుండెజబ్బుల, పక్షవాతముల తరువాత రెండవ స్థానము గాయములకును విషములకును దక్కినది. నూటికి 13 మరణములు అట్టివి. కాలువనీరు పారు డెల్టాలోనే ఇట్లుండగా, బోరుబావి ఎండిపోవు మెట్టసీమలో ఎట్లుండునో ఊహింపవలసినదే కాని, ఊహపై వైద్యము జరుగదు.

లెక్క వేసినచోట గూడ అది మరియొక ప్రయోజనమునకై వేయబడినది. 2004 జూనులో రాష్ట్రప్రభుత్వము 421వ నెంబరు ఉత్తరువున, అప్పులబాధచే ప్రాణము దీసికొన్న రైతు కుటుంబమునకు లక్షన్నర రూపాయల సాయమును ఏర్పరచినది. ఆ మొత్తము తరువాత హెచ్చింపబడినది. సాయము మెచ్చదగినదే. కాని అది అందవలెనన్న రెవెన్యూ అధికారియు, పోలీసు అధికారియు, వ్యవసాయశాఖ అధికారియు కలిసి విచారించి, ఇది నిజమైన రైతు బలవన్మరణమా కాదా యని తేల్చవలెను. పట్టా తండ్రిపేర నున్న కొడుకును, నోటిమాటపై చేను చేసిన కౌలుదారును, భర్తతో సమానముగా కలుపు దీసిన ఇల్లాలును ఆ ద్వారమున నిలిచిపోయిరి. ఎవరు పరిహారమునకర్హులు అనునది ఒక ప్రశ్న. ఎవరు ఎట్లు చనిపోయిరి, వారిని ఎట్లు బ్రతికింపగలిగియుండెడివారము అనునది వేరొక ప్రశ్న. మొదటిదానికి కాగితములు పుట్టలుగా పెరిగినవి. రెండవదానికి జవాబు వెదకుటయే ప్రజారోగ్య పరిశోధన.

పరిశోధన యనగానే పట్టణములలోని పండితుల వినోదమని తలంపరాదు. దాని ఫలమేమో మన పొరుగుననున్న సింహళద్వీపము చూపినది. ఇరువదవ శతాబ్దపు చివర శ్రీలంక ప్రపంచమున బలవన్మరణములు మిక్కిలి హెచ్చుగానున్న దేశములలో నొకటి. అచటి వైద్యులు ఆసుపత్రులలో కూర్చొని, ఏ విషము త్రాగినవారిలో నూటికి ఎందరు చనిపోవుచున్నారు, ఏ విషము త్రాగినవారు బ్రతికి ఇంటికి బోవుచున్నారు అని వేరువేరుగా వ్రాసిరి. విషములన్నియు సమానములు గావని తేలినది. ఆ జ్ఞానముతో ప్రభుత్వము 1995లో అతితీవ్రములైన మందులను, 1998లో ఎండోసల్ఫానును, 2008 మొదలు 2011 లోపల మరి మూడింటిని దేశమునుండి తొలగించినది. 1995 తరువాత పదేండ్లలో బలవన్మరణముల రేటు సగమైనది. ఇరువదేండ్లలో సుమారు 70 శాతము తగ్గినది. పంటల దిగుబడి తగ్గలేదు. అప్పులు మాయమై కాదు, సంసారబాధలు తీరి కాదు. ఆవేశము వచ్చిన ఘడియలో చేతికందినది ప్రాణాంతకమైన విషము కాకపోవుటచే. ఆ ఘడియ గడచి బ్రతికి బయటపడినవారిలో అత్యధికులు మరల ఆ మార్గమున బోయి మరణింపరని వైద్యులు పలుదేశములలో గమనించియున్నారు. వాన కురియువరకు మనిషి నిలిచియుండిన చాలును, వాన కురియును.

పరిశోధన మరియొక మేలును జేయును. మంచి యుద్దేశముతో చేసిన పని నిజముగా మేలు చేయుచున్నదో లేదో అది నిర్దాక్షిణ్యముగా చెప్పును. పురుగుమందు డబ్బాలను ఇంటిలో తాళమువేసిన పెట్టెలలో నుంచిన మరణములు తగ్గునని అందరికిని తోచినది. ఆ శ్రీలంకలోనే 180 గ్రామములలో 50 వేలకు మించిన ఇండ్లను రెండు భాగములుగా విభజించి, ఒక భాగమునకు పెట్టెలిచ్చి, రెండవ భాగమునకీయక, కొన్ని సంవత్సరములు గమనించిరి. 2017లో ఫలితము ప్రకటింపబడినది: ఆ పెట్టెలవలన విషపాన మేమియు తగ్గలేదు. ఈ పరీక్ష లేకున్న ఎన్ని ప్రభుత్వములు ఎన్ని కోట్లు వెచ్చించి పెట్టెలు పంచి, ఛాయాచిత్రములు తీయించుకొని తృప్తి చెందియుండెడివో గదా! మన దేశమున 2018 ఆగస్టులో కేంద్రప్రభుత్వము 18 పురుగుమందులను నిషేధించినది. 12 వెంటనే, 6 2020 చివరినుండి. 2022 నవంబరులో ప్రకటించిన జాతీయ విధానము, 2030 నాటికి బలవన్మరణములను పదింట ఒక వంతు తగ్గింపవలెననియు, విషములు సులభముగా చేతికందకుండ చూడవలెననియు చెప్పుచున్నది. మంచిదే. కాని ఈ నిషేధముల తరువాత అనంతపురమున ఏ విషము తగ్గినది, దాని స్థానమున ఏది వచ్చినది అను సంగతిని జిల్లాలోని ఆసుపత్రి దప్ప మరెవ్వరు చెప్పగలరు?

ఇక రెండవ మందు. 1992లో నెల్లూరుమండలమందలి దూబగుంటలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు సారాపై కత్తిగట్టిన కథ తెలుగువారికి క్రొత్త గాదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలిపోయెను. ఆ సడలింపునాటి వాదములను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ఖజానా పక్షమున అంకెలుండెను. ఇల్లాండ్ర పక్షమున కన్నీరుండెను. ఎన్ని కోట్ల ఆదాయము పోయినదో రూపాయలతో సహా చెప్పగలిగిరి. ఎన్ని తలగాయములు తగ్గినవి, ఎందరు స్త్రీలు దెబ్బలు తినకుండిరి, ఎన్ని ఇండ్లలో విషపుడబ్బా మూత తీయబడలేదు అని చెప్పగల పుస్తకము వారి చేత లేకపోయెను. అంకెలతో వచ్చినవానికే సభలో ఆసనము దొరకును.

ఆ తరువాతనైన కొంత వెలుగు వచ్చినది. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థవారు 2018లో దేశమందంతటను 2 లక్షల ఇండ్లకు బోయి 4 లక్షల 73 వేల మందిని విచారించి, 2019లో ఫలితములను ప్రకటించిరి. దేశమున సుమారు 16 కోట్లమంది మద్యము త్రాగుచున్నారు. అందు 5 కోట్ల 70 లక్షలమందికి అది వ్యాధిగా పరిణమించినది. ఆ వ్యాధి ప్రబలిన రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశము పేరున్నది. మద్యమునకు పూర్తిగా బానిసలైన 38 మందిలో ఒక్కనికి మాత్రమే ఏదో యొక చికిత్స లభించినది. దుకాణము ప్రతి యూరికిని సమీపమున నుండగా, చికిత్స ఏ జిల్లాకేంద్రమునకో పోయిన గాని దొరకని స్థితి యిది.

తెలియక చేసిన మంచిపని ఎట్లు వికటించునో తెలంగాణము చూపినది. అచట కొన్ని జిల్లాలలో కల్లులో ఆల్ప్రజోలాము, డయాజిపాము వంటి నిద్రమందులను కలిపి అమ్ముట చిరకాలముగా జరుగుచున్నది. 2015లో అధికారులు కల్తీకల్లుపై దాడులు జరిపినప్పుడు, సంవత్సరముల తరబడి తెలియకయే ఆ మందులకలవాటుపడిన పేదలు ఒక్కుమ్మడిగా అవి దొరకక మూర్ఛలతోను, మతిభ్రమలతోను హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తండోపతండములుగా వచ్చిరి. దాడి తప్పు గాదు. కాని ఏ గ్రామమున ఎందరు ఏ మందునకు బానిసలైరో ముందుగా విచారించి, వారికి చికిత్స సిద్ధపరచియుండిన ఆ బాధ తప్పెడిది. నేరముగా మాత్రమే చూచినచో సంకెళ్లు సిద్ధము చేయుదుము. వ్యాధిగా గూడ చూచినచో పడకలు సిద్ధము చేయుదుము.

మూడవ మందు రాయలసీమకు అపకీర్తి దెచ్చినది. కక్షల పేరున, ముఠాల పేరున ఈ సీమలో నాటుబాంబులును, వేటకొడవళ్లును, తుపాకులును ఎన్ని కుటుంబములను కూల్చినవో పెద్దలెరుగుదురు. 2005 జనవరి 24న పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవీంద్ర అనంతపురమున తన పార్టీ కార్యాలయముననే పట్టపగలు తుపాకిగుండ్లకు బలియైనప్పుడు రాష్ట్రమంతయు అట్టుడికిపోయినది. చంపినవారెవరు, చంపించినవారెవరు అని సంవత్సరములు చర్చలు జరిగినవి, సినిమాలును వచ్చినవి. పేరుపొందినవారి మరణములకు పత్రికలలో చోటు దొరకును. కాని బాంబు చుట్టుచు వ్రేళ్లు పోగొట్టుకొన్న కూలివాడును, అడవిపందులకై పెట్టిన మందుగుండును త్రొక్కిన గొఱ్ఱెలకాపరియు, పొదలో దొరికినదానిని బంతియనుకొన్న బాలుడును ఏ చరిత్రకెక్కుదురు? ఈ మూడు గాయములకును కారణములు వేరు, నివారణోపాయములు వేరు. మొదటిది రాజకీయము, రెండవది పంటరక్షణ, మూడవది పారవేసినదానిని ఏరివేయని యలసత్వము. మూడింటిని 'బాంబు కేసు' అను ఒక్క పేరున వ్రాసినచో మూడింటికిని మందు దొరకదు.

హింసవలని గాయములనుగూడ లెక్కించి తగ్గింపవచ్చునని లోకమున రెండు నగరములు నిరూపించినవి. దక్షిణ అమెరికాలో కొలంబియా దేశపు కాలీనగరమునకు 1992లో రొద్రీగో గెర్రేరో అను వైద్యుడు నగరాధ్యక్షుడాయెను. అచటి హత్యలన్నియు మాదకద్రవ్యముల వర్తకులవేయని లోకులు నమ్మియుండిరి. ఆ వైద్యుడు కలరాను విచారించినట్లు ఒక్కొక్క హత్యను విచారింపజేసెను: ఏ దినము, ఏ గంట, ఏ వీధి, ఏ యాయుధము, రక్తమున మద్యమెంత. పెక్కు హత్యలు వారాంతములలో, సెలవుదినములలో, త్రాగిన మైకమున జరుగుచున్నవని తేలెను. అంతట జీతముల దినములతో కూడిన వారాంతములందును, సెలవులందును తుపాకి ధరించి తిరుగరాదని ఉత్తరువు చేసెను. ఆ యుత్తరువు అమలైన దినములలో హత్యలు సుమారు 14 శాతము తక్కువగా నుండెనని తరువాతి పరిశోధకులు లెక్కగట్టిరి. ఇంగ్లండు పొరుగున వేల్సుదేశపు కార్డిఫ్ నగరమున జోనథన్ షెఫర్డ్ అను శస్త్రవైద్యుడు, తన యొద్దకు వచ్చు క్షతగాత్రులలో చాలమంది పోలీసులకు చెప్పుకొనుటయే లేదని గమనించెను. పేర్లు తొలగించి, చోటును, సమయమును, ఆయుధమును మాత్రము వ్రాసి నెలనెలకు నగరపు అధికారులకిచ్చుచు వచ్చెను. వారు ఆ పట్టికను బట్టి గస్తీలను, మద్యశాలల కట్టుబాట్లను మార్చిరి. కొట్లాటలలో గాయపడి ఆసుపత్రిలో చేరువారు అచట నెలకు లక్షకు 7 నుండి 5కు తగ్గగా, పోల్చి చూచిన నగరములలో 5 నుండి 8కి పెరిగిరని 2011లో ప్రకటింపబడినది. ఈ రెంటను క్రొత్త యంత్రమేదియు లేదు. ఉన్నది ఒక కాగితము, ఒక కలము, అడుగవలెనను బుద్ధి.

లెక్కించుటకు వెనుదీయు ప్రభుత్వములకును లోకమున కొదువలేదు. ధనమున, విద్యయందు అగ్రస్థానమున నున్న అమెరికాలో 1993లో ఆర్థర్ కెల్లర్‌మన్ మొదలగు వైద్యులు, ఇంటిలో తుపాకి యుండినచో ఆ ఇంట హత్య జరుగు ప్రమాదము సుమారు 2.7 రెట్లు హెచ్చునని ప్రకటించిరి. తుపాకుల పక్షమువారికిది కంటగింపాయెను. 1996లో ఆ దేశపు శాసనసభ, రోగనివారణ సంస్థకిచ్చు ధనమును తుపాకుల నియంత్రణమును ప్రోత్సహించుటకై వాడరాదని ఒక నిబంధన చేర్చి, ఆ సంస్థ ముందటి సంవత్సరము తుపాకి గాయముల పరిశోధనకు వెచ్చించిన మొత్తమునే, 26 లక్షల డాలర్లను, కోసివేసినది. పరిశోధనను నిషేధించినట్లు అక్షరము లేదు. కాని అధికారులు భయపడి చేతులు ముడుచుకొనిరి. ఆ నిబంధనకు పేరిచ్చిన జే డిక్కీ అను సభ్యుడే 2012లో మనస్సు మార్చుకొని, పరిశోధన జరుగవలసినదేయని పత్రికాముఖమున వ్రాసెను. 2019 డిసెంబరులో గాని మరల 2 కోట్ల 50 లక్షల డాలర్లు దానికై కేటాయింపబడలేదు. ఇరువదిమూడేండ్లు ఒక తరమునకు సమానము. ఆ తరములో తెలిసికొనదగినది తెలియకపోయినది. మన యొద్ద అట్టి నిషేధము చేసినవారెవరును లేరు. నిషేధము లేకయే మనమును ఆ చీకటిలోనే యుండుట మరింత సిగ్గుచేటు.

మా సూచనకు మూడు ఆక్షేపణలు వచ్చునని ఎరుగుదుము. జిల్లాకు చెడ్డపేరు వచ్చునని కొందరందురు. పేరు ఇదివరకే చెడినది. కరవనిన అనంతపురము, కక్షలనిన రాయలసీమ అని లోకమనుచునే యున్నది. నిజమైన లెక్క ఆ పేరును సరిదిద్దునే గాని చెడగొట్టదు. వైద్యుడు పోలీసు వేగులవాడగునని మరికొందరందురు. ఇది ఆలోచింపదగిన భయము. అందుచేతనే ఈ పట్టికలో పేరు, కులము, ఇంటి గుర్తు ఉండరాదనియు, ఇది వ్యాజ్యమునకు పనికిరాని కాగితముగా చట్టబద్ధముగా ప్రత్యేకింపబడవలెననియు మేము కోరుచున్నాము. విషము త్రాగి బ్రతికినవానిని నేరస్థునిగా చూచు దురాచారము 2017 మానసిక ఆరోగ్యచట్టముతో సడలినది. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ పాత నేరము సామాన్యనేరముగా చేర్చబడలేదు. కావున కుటుంబములు నిజము దాచవలసిన కారణమును తగ్గినది. ఇక మూడవ ఆక్షేపణ గట్టిది: నీరు, గిట్టుబాటు ధర, అప్పు, ఇవి గదా మూలములు, లెక్కలతో కాలము గడుపుట మూలమును మరపించుటయే యని. నీటికై పోరాటము మానుమని మేమనము. హంద్రీ-నీవా కాలువ నీరు ప్రతి చెరువునకును చేరవలసినదే. కాని బావి త్రవ్వువరకు దాహముతో నున్నవానికి కడవనీరు ఇయ్యరాదా? అదిగాక ఏ యేట వాన తప్పినప్పుడు ఏ మండలమున విషపానములు పెరిగినవో చూపగల లెక్క యుండినచో, నీటికై అడుగువాని గొంతునకును బలము చేకూరును.

మేము కోరునది స్వల్పము. రెండు జిల్లాలలోను అనంతపురపు సర్వజన ఆసుపత్రియు, హిందూపురము, గుంతకల్లు, కదిరి, ధర్మవరములందలి సర్కారు ఆసుపత్రులును, ధర్మార్థముగా నడుచు బత్తలపల్లి ఆసుపత్రియు కలిసి ఒకే నమూనా కాగితమును వాడవలెను. ప్రశ్నలు పదికి మించరాదు: వయస్సు, స్త్రీయా పురుషుడా, వృత్తి, మండలము, దినము, గంట, గాయమా విషమా, ఏ యాయుధము లేక ఏ విషము, అది ఎచ్చటనుండి వచ్చినది, మద్యమున్నదా. అనంతపురము వైద్యకళాశాల విద్యార్థులు వానిని కూర్చవలెను. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు గణితజ్ఞులు పరిశీలింపవలెను. బత్తలపల్లి వైద్యులు ఎయిడ్సు వ్యాధిపై ఈ జిల్లా రోగుల వివరములతోనే అంతర్జాతీయ పత్రికలలో పరిశోధనలు ప్రకటించియున్నారు. కావున మన నేలపై ఇట్టి పని సాధ్యము గాదనువారికి జవాబు సిద్ధముగానే యున్నది. పొరుగుననున్న బెంగుళూరులో నిమ్హాన్సు సంస్థవారు ఆసుపత్రులనుండియు, పోలీసులనుండియు గాయముల వివరములను కలిపి కూర్చు పద్ధతిని నడిపిరి. వారి యొద్ద నేర్చుకొనవచ్చును. మూడు నెలలకొకసారి ఆ పట్టికను కలెక్టరు సమీక్షాసభలో వర్షపాతపు పట్టిక ప్రక్కన బెట్టవలెను. గ్రంథాలయములలో గోడకు అంటింపవలెను.

పఠనమందిరములలో ఈ పత్రిక చదువువారికి ఒక పని గలదు. మీ శాసనసభ్యుని, మీ జిల్లాపరిషత్తు సభ్యుని కలిసికొన్నప్పుడు రోడ్డు, పింఛను అడిగినట్లే ఈ పట్టికను గూడ అడుగుడు. మీ యూరి ఎరువుల దుకాణదారుతో మాటలాడుడు. అతివిషములను వంటింటికి చేరనీయక సహకారసంఘపు గిడ్డంగిలో నుంచు మార్గమును విచారింపుడు. తమిళనాట కొన్ని గ్రామములలో లక్ష్మీ విజయకుమార్ అను వైద్యురాలు అట్టి గిడ్డంగుల నేర్పరచి ఫలితమును పరీక్షించి చూచెను. మీ పొరుగింట ఎవడైన కృంగి, మాట తగ్గించి, అప్పు గురించియే తలపోయుచున్నచో వానిని ఒంటరిగా విడువకుడు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన 'టెలీ-మానస్' అను సర్కారు సహాయవాణికి 14416 నెంబరున పగలైనను, రాత్రియైనను, తెలుగులోనే మాటలాడవచ్చును.

విత్తనములకై, పంటభీమాకై, కరవు మండలముల ప్రకటనకై ప్రభుత్వమును నిలదీయుట ఈ సీమవారికి నేర్పవలసిన విద్య గాదు. ఆ నిలదీతకు బలమిచ్చినది ప్రతిసారియు వర్షమాపకపు అంకెయే. రానున్న సమీక్షాసభలో అధికారులు వర్షపాతమును చదివిన తరువాత, ఈ మూడు నెలలలో మూడు మందులవలన మన ఆసుపత్రులకు వచ్చినవారెందరు, బ్రతికినవారెందరు, ఏ మండలమునుండి వచ్చిరి అని ప్రజాప్రతినిధి యొక్కడైనను లేచి అడుగవలెను. జవాబు రాకున్న, వచ్చువరకు అడుగవలెను.